నా చలి మోసిన సైకిలు

ఆ రోజుల్లో మా పెడనలో చలేస్తే జనం పరిగెత్తేది ఇంట్లోకే గానీ రోడ్డు మీదికి కాదు. అలాంటి ఊళ్ళో, మంచు దట్టంగా పట్టే రోజుల్లో, తెల్లారగట్టే కాలవ గట్టున పరిగెడతానని నేను పట్టుబట్టాను. కానిస్టేబుల్ సెలక్షన్లు దగ్గరికొచ్చాయి మరి. ఆ ఉద్యోగమంటే నాకు ఎంత పిచ్చో చెప్పలేను (అద్దం ముందు నిలబడి సెల్యూట్లు కూడా కొట్టేదాన్ని, ఎవరితోనూ అనకండి). చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. అందుకే అమ్మ తేల్చి చెప్పేసింది: "ఇంట్లో ఒక్క తుమ్ము వినపడిందా, ఆ రోజుతో పరుగు కట్టిపెట్టాల్సిందే!"

ఇక చూడాలి నా వేషం. చుడీదారు మీద అన్నయ్య పాత స్వెట్టరు, దాని మీద అమ్మ శాలువా, మెడకి మఫ్లరు, నెత్తిన మంకీ క్యాపు. చాకలి మూటలా బయల్దేరిన నన్ను చూసి, కలంకారీ అద్దకం పనిచేసే నాన్న "పదమ్మా, నేనూ వస్తా" అని ఒంటి చొక్కాతోనే సైకిలెక్కాడు. మొదటి తూము దాటేసరికి నాకు చెమటలు. క్యాపు తీసి వెనక్కి చెయ్యి చాపితే నాన్న అందుకున్నాడు. రెండో తూము దగ్గర మఫ్లరు, వంతెన దగ్గర శాలువా, ఆ తర్వాత స్వెట్టరు. హ్యాండిల్ మీద వేస్తే చక్రంలో పడుతున్నాయని అన్నీ తనే తగిలించుకున్నాడు. పాలకేంద్రం దగ్గర ఒకాయన ఆపి అడిగాడు: "ఏవండీ, చలి అమ్మాయికా, మీకా?"

"అమ్మాయిదేనండీ, నేను మోస్తున్నానంతే" అన్నాడు నాన్న.

వారం తిరక్కుండానే తుమ్ము వచ్చింది. నాకు కాదు, నాన్నకి! నా చెమటకి తడిసిన స్వెట్టరు చలిగాలిలో తొడుక్కుంటే రాక ఏం చేస్తుంది? "ఎవరది?" అని వంటింట్లోంచి అమ్మ కేక. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నేనేలే. పోపు ఘాటు" అన్నాడు నాన్న.

"ఇంకా పొయ్యే వెలిగించలేదు కదండీ!"

దొరికిపోయాం. అమ్మ మా ఇద్దరినీ, నాన్న ఒంటి మీదున్న తడి స్వెట్టరునీ ఎగాదిగా చూసి లోపలికెళ్ళిపోయింది. ఆ రాత్రంతా నాకు నిద్రలేదు. మర్నాడు గుమ్మంలో అమ్మ నా మీద శాలువా తీసేసి నాన్న భుజాన కప్పింది. "మోసేవాళ్ళే కప్పుకోండి, పొడిగానైనా ఉంటుంది. దాన్ని పరిగెత్తనీండి" అంది.

పరుగులో గట్టెక్కాను గానీ రాతపరీక్షలో బోల్తా పడ్డాను. ఇప్పుడు గుడివాడలో గుమాస్తా ఉద్యోగం. షుగరు డాక్టరు గారి పుణ్యమా అని మళ్ళీ పరుగు మొదలెట్టాను. పల్చటి కోటు అమ్మిన షాపతను "బయల్దేరేటప్పుడు కాస్త చలెయ్యాలి మేడమ్, కిలోమీటరు దాటితే ఒళ్ళు అదే వేడెక్కుద్ది" అన్నాడు. ఈ ముక్క అప్పుడే తెలిసుంటే నాన్నకి ఆ మోత తప్పేది. తెలియకపోవడమే మంచిదైంది, లేకపోతే నాన్న నా వెనక వచ్చేవాడే కాదు.

నాన్న పోయి మూడేళ్ళు. నిన్న పొద్దున మంచులో చెమట పట్టగానే కోటు విప్పి, పాత అలవాటు కొద్దీ వెనక్కి చెయ్యి చాపాను. సైడిస్తున్నాననుకున్నాడో ఏమో, పాల వ్యాను డ్రైవరు హారన్ కొట్టి ముందుకెళ్ళిపోయాడు. నవ్వొచ్చింది, కళ్ళూ తడిశాయి. కోటు నడుముకి కట్టుకుని మళ్ళీ పరిగెత్తాను. నా చలి ఇక నేనే మోసుకోవాలి మరి.