పాలికలు కావు

లిసియాంథస్ అనే సీమపువ్వు విత్తనం దుమ్ము కన్నా సన్నం. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. చల్లాక మీద మట్టి కప్పకూడదు. వెలుతురు తగలకపోతే మొలవదు. నీళ్లు పైనుంచి పోయకూడదు, కింద పళ్లెంలో పోస్తే మట్టి తనంతట తాను పీల్చుకోవాలి. మొలిచాక వేడి తగిలిందా, చావదు కానీ అలిగి కూర్చుంటుంది. ఆకులు నేలకు పరుచుకుంటాయి, కాడ లేవదు, మొగ్గ వేయదు. తిరుపతి ఎండల్లో ఇలాంటి పువ్వును విత్తనం నుంచి పెంచాలనుకోవడం మొండితనమే. దానికి నేనెవరికీ క్షమాపణ చెప్పను. చెప్పాల్సిన క్షమాపణ వేరే ఉంది.

శివరాత్రి ముందు కుమ్మరి దగ్గర వెడల్పాటి మట్టి మూకుళ్లు తెచ్చి విత్తనాలు చల్లాను. వాటిని ముందుగదిలో పెట్టి, పైన ట్యూబులైటు వేలాడదీశాను. ఏసీ ఉన్నది ఆ ఒక్క గదిలోనే. నేనూ నా భార్యా వెనక గదిలోకి మారాం.

“మనుషులకు ఫ్యాను, గడ్డికి ఏసీ. బాగుండాది నీ న్యాయం” అంది ఆమె. అన్నదే కానీ, నేను రేణిగుంట గోడౌన్‌కు డ్యూటీకి వెళ్లినప్పుడు పళ్లెంలో నీళ్లు తగ్గకుండా చూసేది ఆమే.

పచ్చగా సన్నటి మొలక కనిపించిన వారంలోనే ఎదురింటి పెద్దాయన మా నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. తలుపు తీసి ఉంది. మూకుళ్లు చూసి అక్కడే ఆగిపోయాడు.

“ఏమప్పా, పాలికలు పోసినావా? అమ్మాయికి పెండ్లి కుదిరిందని ఒక్క మాట చెప్పకూడదా!”

మా వైపు పెళ్లింట్లో మట్టి మూకుళ్లలో నవధాన్యాలు మొలకెత్తిస్తారు. వాటినే పాలికలంటారు. ఇంట్లో మూకుడు, మూకుట్లో మొలక, పైగా పెళ్లి కావలసిన కూతురు. ఆయన తప్పేమీ లేదు. కాదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను నవ్వాను. నవ్వి నిచ్చెన అందుకున్నాను.

ఎందుకు నవ్వానో నాకు తెలుసు. మా అమ్మాయి సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, అక్కడే హాస్టల్లో ఉంటుంది. పెళ్లి చేసుకోనని మూడేళ్ల కిందటే తేల్చి చెప్పింది. “నీ ఇష్టం తల్లీ” అన్నాను. నిజంగానే అన్నాను. కానీ వీధిలో ఎవరడిగినా “చూస్తా ఉండాం” అనే అంటూ వచ్చాను. ఇంట్లో ఒక మాట, గడప దాటాక ఇంకొక మాట. ఆ పెద్దాయన ముఖంలో సంతోషం చూసేసరికి, ఒక్క పూటైనా అందరిలాంటి తండ్రిలా నిలబడాలని ఆశ పుట్టింది.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. పూలామె వచ్చి, ఫాల్గుణంలో పెళ్లిళ్లు ఎక్కువ, మల్లెలు దొరకవు, ముందే చెప్పుకోమంది. షామియానా అతను ఫోన్ చేశాడు. అతనికీ కాదని చెప్పలేదు, “చెప్తాలే” అన్నాను.

శనివారం మా అమ్మాయి వచ్చింది. బస్సు దిగి ఇల్లు చేరేలోపు ముగ్గురు ఆపి పలకరించారట. చెప్పులు కూడా విప్పలేదు.

“నాయనా, నాకు పెండ్లంట కదా. ఎవురు వాడు?”

“వాళ్లే అనుకున్నారమ్మా. నేనేమీ అనలేదు.”

“అనలేదు. కాదని కూడా అనలేదు కదా. నా పెండ్లి గురించి నాకన్నా షామియానా అతనికి ముందు తెలుస్తుందా?”

వాళ్లమ్మ నీళ్ల గ్లాసు తెచ్చింది. అమ్మాయి తాగలేదు. “నువ్వు అందరికీ నిజం చెప్పేదాకా నేను ఈ వీధిలో అడుగు పెట్టను” అని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆ తర్వాతి శనివారం ఆమె రాలేదు. ఫోన్ చేస్తే అమ్మతోనే మాట్లాడి పెట్టేసింది. నేను తేలిక దారి వెతికాను.

“సంబంధం తప్పిపోయిందని చెప్తే సరిపోదా?” అన్నాను.

నా భార్య చేస్తున్న పని ఆపింది. “తప్పిపోయిందంటే ఎవుర్నంటారు? నిన్నా? ఆ పిల్లనే కదా. నీ సిగ్గు దాచుకోడానికి ఇంగొక అబద్ధం దాని నెత్తిన పెడతావా?”

ఆ మాట తర్వాత దాక్కోవడానికి నాకు చోటు మిగలలేదు.

ఆ వారంలోనే ఎదురింట్లో మనవడికి చెవులు కుట్టించారు. వీధంతా భోజనానికి వచ్చింది. బంతిలో కూర్చున్నాం. పెద్దాయన భార్య పప్పు వడ్డిస్తూ, “పాలికలు పోసి ఇన్నాళ్లాయె, ముహూర్తం ఎప్పుడప్పా?” అంది. నేను ఆకు మీద నుంచి చెయ్యి తీశాను.

“పెండ్లి లేదక్కా.”

“తప్పిపోయిందా? అయ్యో!”

“తప్పిపోలే. కుదరనే లేదు. మా అమ్మాయి పెండ్లి చేసుకోనని చెప్పింది. నేను సరే అన్నాను. ఇన్నాళ్లూ మీకు అబద్ధం చెప్తా వచ్చినాను. తప్పు నాది, దానిది కాదు.”

పక్కనున్నాయన గొంతు సవరించుకుని, “తండ్రివై ఉండి సరే అన్నావా?” అన్నాడు.

“తండ్రిని కాబట్టే అన్నాను. మళ్లీ అడిగినా అదే అంటాను.”

“మరి ఆ పాలికలు?” పెద్దాయన ఇంకా నమ్మలేకపోతున్నాడు.

“పాలికలు కావు. పూలమొక్కలు.”

“ఏం పూలు? జడలోకా, దేవుడికా?”

“రెండిటికీ పనికిరావు. వాసన కూడా ఉండదు.”

“మరెందుకబ్బా అంత కష్టం?”

“పూస్తాయని.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో “పిచ్చి ముదిరింది” అన్నారు, నాకు వినబడేలాగే. లేచి వచ్చేద్దామా అనిపించింది. లేవలేదు. పాయసం దాకా కూర్చుని, మజ్జిగన్నం తిని, ఆకు మడిచి లేచాను. సిగ్గుపడాల్సిన పని నేను చేసింది నవ్వి నిచ్చెన అందుకున్న రోజున. ఆ బంతిలో కాదు.

ఆ సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేశాను. బంతిలో జరిగింది చెప్పాను.

“అందరి ముందరా చెప్పినావా?”

“అన్నం తింటా చెప్పినాను.”

“ఏమన్నారు?”

“తిట్టినారు.”

“నిన్నేనా?”

“నన్నే.”

“అయితే సరే” అంది.

శనివారం వచ్చింది. సందులోంచి కాదు, వీధి మధ్యలోంచి నడిచి వచ్చింది. ఎదురింటి అరుగు మీది నుంచి పెద్దాయన కేకేశాడు.

“ఏమ్మా, పెండ్లి చేసుకోవంట? ఎందుకట్ల?”

నేను గేటు దగ్గరే ఉన్నాను. జవాబు నా నోటిదాకా వచ్చింది. అది చెప్పాల్సింది నేను కాదు కాబట్టి మింగేశాను.

“నడివీధిలో చెప్పే కత కాదులే తాతా. ఇంట్లోకి రా, టీ తాగతా అడుగుదువు” అంది.

ఆయన నిజంగానే వచ్చాడు. రెండు గ్లాసుల టీ తాగాడు, అన్నీ అడిగాడు. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. ఆయనకు ఒక్కటీ నచ్చలేదు. తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లి వీధిలో ఉన్నదున్నట్టు చెప్పాడట. చెప్పనీ. ఇప్పుడు వీధికి తెలిసింది నిజమే.