మామ భుజం మీద మోకు

మా ఆఫీసు అద్దాల అవతల ఒక మనిషి తాడుకు వేలాడుకుంట తుడుస్తున్నడు. "క్లీనర్ అచ్చిండు, కర్టెన్ ఎయ్యి" అన్నరెవరో. నా చెయ్యి లేవలే.

మాది గంభీరావుపేట దిక్కు. నాయన తాటిచెట్లెక్కి కల్లు గీసేటోడు. కల్లుకు గిరాకి పడిపోయి, దుబాయ్‌ల క్లీనర్ పనికి ఒప్పుకున్నడు. నాకు తెలిసిన క్లీనర్ లారీల డ్రైవర్ పక్కన కూసునేటోడు.

"నన్ను లారీ ఎక్కిస్తవా నాయనా?"

"లారీ కాదు బిడ్డా, పెద్ద పెద్ద మేడల అద్దాలు తుడుసుడు" అనుకుంట, చెట్లెక్కే మోకును బ్యాగుల పెట్టుకున్నడు. "ఎత్తు మీద నాకు గిదే ధైర్యం."

ఎయిర్‌పోర్టుల దాన్ని తీసేయమన్నరట. సాగనంపపోయిన మామ మోకును భుజానేసుకొని ఇంటికచ్చిండు. చూడంగనే అమ్మ వాకిట్ల కూలబడి గుండెలు బాదుకున్నది. మా ఇండ్లల్ల మోకు ఇంకొకల భుజం మీద తిరిగొచ్చేది, గీసేటోడు చెట్టు మీదికెళ్లి పడ్డప్పుడే.

"నాయన ఎక్కింది విమానమే గదనే, ఎందుకేడుస్తవ్?" అని అమ్మ కొంగు గుంజిన.

తర్వాతెన్నడో, మేడ మీదికెళ్లి నాయన పడ్డడని దుబాయ్ నుంచి ఫోనొచ్చింది. అందరం మొత్తుకున్నం. అమ్మ ఒక్కతే ఏడ్వలే.

"నాకు ఆనాడే ఎరుక" అన్నది, గోడకున్న మోకు దిక్కు చూసుకుంట.