నాన్న డోలుకి రెండో బ్యాటరీ

కారు నేను ఇష్టపడి కొన్నదే గానీ, దాని డిక్కీలో ఉన్న పెట్టె మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అంతకుముందు దాన్ని నడిపిన కుర్రాడెవరో ఒక యాంప్లిఫయరు, బియ్యం డబ్బా అంత స్పీకర్ పెట్టె బిగించుకున్నాడు. అది మోగితే కారు అద్దాలు వణికేవి. గన్నవరంలో కాలేజీ లెక్చరర్ని, అలాంటి కారులోంచి దిగితే పిల్లలు నా మొహం మీదే నవ్వుతారు. వచ్చే ఆదివారం దాన్ని పీకించేద్దామనుకున్నాను.

ఆ ఆదివారం రాకముందే నాన్న అందులో ఎక్కి కూర్చున్నాడు.

పామర్రు దగ్గర ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్ళు కాటా దగ్గర పనిచేశాడు నాన్న. ఆ మిల్లు రొద ఆయన చెవుల్ని తినేసింది. పని మానేసి అమ్మతో విజయవాడ వచ్చి నా దగ్గర ఉండేనాటికి కాలింగ్ బెల్లు, టీవీ, ఫోను, సన్నటి చప్పుళ్ళన్నీ పోయాయి. చెవి మిషన్ కొనిపెడితే, కూత పెడుతోందని బీరువాలో పడేశాడు. లావుపాటి చప్పుళ్ళు మాత్రం కాస్త మిగిలాయి. ఆ రోజు కారు వెనక సీట్లో కూర్చుని తన నాదస్వరం క్యాసెట్ పెట్టించుకుంటే, డోలు దెబ్బ వీపులోంచి లోపలికి వచ్చిందట. "డోలు వినపడుతోందే" అన్నాడు అమ్మతో. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూశాక పెట్టె పీకించడానికి నాకు చేతులు రాలేదు.

ఇక రోజూ సాయంత్రం అదే కార్యక్రమం. ఇంజను ఆపి, అద్దాలెత్తి, గంటన్నర కచేరీ. పొద్దున్న నేను తాళం తిప్పితే కారు ఒకసారి టిక్కుమని ఊరుకునేది. నేను స్టీరింగు పట్టుకుంటే అమ్మ, పక్కింటాయన, ఇస్త్రీ బండి అతను కలిసి తోసేవాళ్ళు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "నీ కచేరీకి నా ఉద్యోగం ఊడేట్టుంది నాన్నా" అని వీధంతా వినేలా అరిచేదాన్ని. నా అరుపులు మాత్రం ఆయనకి బాగానే వినపడేవి. తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు, సాయంత్రానికి మళ్ళీ క్యాసెట్‌తో తయారు.

మూడోసారి క్లాసుకి ఆలస్యమయ్యాక నేనూ నాన్నా వన్ టౌన్ వెళ్ళాం. అక్కడ ఒక సందులో బ్యాటరీల కొట్టు భాయ్ ఉండేవాడు. తోపుడు బళ్ళవాళ్ళు దారివ్వమని అరుస్తుంటే ఆ అరుపుల మధ్యే నిదానంగా బానెట్ ఎత్తి, డిక్కీ తెరిచి చూసి, "ఒక్క బ్యాటరీతో అవదు మేడమ్. పాటలకి వేరేది పెడదాం" అన్నాడు. సాయంత్రానికి డిక్కీలో రెండో బ్యాటరీని పట్టీ వేసి కదలకుండా బిగించాడు. ముందు బ్యాటరీ నుంచి దానిదాకా బొటనవేలంత లావు వైరు లాగి, రెండు చివర్లా ఫ్యూజులు పెట్టాడు. యాంప్లిఫయరు, స్పీకర్ పెట్టె రెండూ వెనక బ్యాటరీ మీద పనిచేస్తాయి. క్యాసెట్ ప్లేయరూ, తలుపుల్లో ఉన్న బుల్లి స్పీకర్లూ తాగేది గుక్కెడేనని, వాటిని ముందు బ్యాటరీకే వదిలేశాడు. రెండు బ్యాటరీలనీ కలపడానికీ విడదీయడానికీ ముందు సీట్ల మధ్య ఒక పెద్ద స్విచ్చి.

"బాబాయి గారూ, బండి నడుస్తుంటే ఆన్ చెయ్యండి. ఇంజను రెండిట్నీ నింపుద్ది. బండి ఆపితే ఆఫ్. అప్పుడు పాటలు వెనకదాన్నే తాగుతాయి, ముందుదాని జోలికి పోవు" అని నాన్న చెవి దగ్గర రెండుసార్లు చెప్పాడు భాయ్.

"రెండు మడులు, మధ్యన గట్టు. అంతేగా" అన్నాడు నాన్న. పామర్రు మనిషికి అంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదనుకున్నాం. స్విచ్చి సంగతి తనకొదిలెయ్యమని నాతో కూడా చెప్పాడు. పొద్దున్న నేను కారు స్టార్ట్ చెయ్యగానే వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్విచ్చిని తడిమి వెళ్ళేవాడు. కారు పిలిస్తే పలుకుతోంది. ఇస్త్రీ బండి అతను నన్ను చూసి, "ఇంక మాకు పని లేదన్నమాట మేడమ్" అని నవ్వేవాడు. నాకు ప్రాణం హాయిగా ఉంది.

పది రోజులు తిరిగాయో లేదో, నాన్న కారు దగ్గరికి వెళ్ళడం మానేశాడు. సాయంత్రం వరండాలో పేపరు పట్టుకుని కూర్చుంటున్నాడు. కచేరీకి సెలవా అంటే, చాల్లే అన్నాడు. పీడ వదిలిందని మొదట రెండు రోజులు సంతోషించాను, అబద్ధమెందుకు. మూడో రోజు తన క్యాసెట్లన్నీ ఒక సంచిలో సర్ది నా బల్ల మీద పెట్టాడు. "మీ కాలేజీలో ఎవరికన్నా ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. అప్పుడు భయమేసింది.

నేను వదలకుండా అడిగితే చివరికి చెప్పాడు. "పెట్టి చూశా. ప్లేయర్లో లైటు వెలుగుతోంది, క్యాసెట్ తిరుగుతోంది. నాకే వినపడట్లా. డోలు కూడా పోయిందమ్మా."

అమ్మ అప్పుడే వంటింట్లోంచి వచ్చి ఈ మాట విని, చేతిలో గరిటెతో అలాగే కుర్చీలో కూలబడింది. ఏం చెయ్యాలో తోచక వెళ్ళి కార్లో కూర్చుని క్యాసెట్ పెట్టాను. తలుపుల్లోంచి సన్నగా నాదస్వరం వస్తోంది. డోలు లేదు. వెనక్కి తిరిగి పెట్టె మీద చెయ్యి వేస్తే అందులో కదలికే లేదు. డిక్కీ తీసి చూస్తే యాంప్లిఫయర్ లైటు ఆరిపోయి ఉంది. పోయింది వెనక బ్యాటరీలో కరెంటు, నాన్న చెవులు కాదు.

పరుగెత్తుకెళ్ళి, "నాన్నా, స్విచ్చి ఎప్పుడన్నా ఆన్ చేశావా?" అని అరిచాను.

"లేదమ్మా. పొద్దున్నే ఆఫ్‌లో ఉందో లేదో చూసేవాణ్ణి. గట్టు తెగితే నీ బ్యాటరీ నీళ్ళు నా దాంట్లోకి పోవూ? మా రేడియోలో బుల్లి సెల్లు వేస్తే మూడు నెలలొచ్చేది. అంత పెద్ద బ్యాటరీకి ఇప్పుడే తొందరేముందిలే అనుకున్నా. నీకు పొద్దున్నే మళ్ళీ..." అని ఆగిపోయాడు. ఆ ఆగిన చోట నా అరుపులున్నాయని నాకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వెనక సీట్లో కూర్చోబెట్టాను. ఇంజను స్టార్ట్ చేసి స్విచ్చి ఆన్ చేశాను. డోలు ధనధనలాడుతూ సీట్లోకి వచ్చింది. నాన్న ఉలిక్కిపడి రెండు చేతులూ సీటు మీద ఆనించి అలా ఉండిపోయాడు.

బ్యాటరీ నిండాలంటే బండి బాగా తిరగాలి కాబట్టి, అట్నుంచి అటే బందరు రోడ్డు మీద పామర్రు వైపు పోనిచ్చాను. కంకిపాడు దాటాక ఒకవైపు అయిపోయి క్యాసెట్ ఆగింది. తిప్పి పెట్టబోతూ, "చెవులు పోయాయనుకుని అన్ని రోజులు ఒక్కడివే ఎట్లా ఉన్నావు? నాకు చెప్పొచ్చుగా" అని గట్టిగా అడిగాను.

"నువ్వు అరిస్తే పడతానమ్మా, ఏడిస్తే చూళ్ళేను" అన్నాడు నాన్న.

నేను వెనక్కి తిరగలేదు. క్యాసెట్ తిప్పి పెట్టి, ఎదురుగా రోడ్డు సరిగ్గా కనిపించేదాకా కారు నెమ్మదిగా నడిపాను.