మట్టి తూచిన పెద్దమ్మ

నా చిన్నప్పుడు మట్టిని తక్కెడలో పెట్టి తూచిన మనిషిని ఒక్కర్తినే చూశాను, మా పెద్దమ్మని. పెదనాన్న పోయాక రాజోలు దగ్గరి మెరక చేను ఆవిడ వాటాకి వచ్చింది. మంచి పల్లపు భూములన్నీ మిగతావాళ్లు పంచేసుకున్నారని వేరే చెప్పాలా? ఆ మెరకలోనే ఆవిడ కొబ్బరి మొక్కలు పాతింది. అవి బతికితే ఆవిడ ఎవరి ముందూ చెయ్యి చాచనక్కర్లేదు.

ఎండాకాలం చేల మధ్య పారే బోదె కాలవలో నీళ్లు తగ్గితే, ఎవరి చేనుకి ఎప్పుడు పెట్టుకోవాలో మా తాతయ్య చెప్పేవాడు. పెద్దమ్మ తన మొక్కలకి ఇంకో తడి నీళ్లు అడిగింది. "పైన పొడిగా ఉన్న నేల్లోంచి నీళ్లెక్కడికి పోతాయండి వదినగారూ, అడుగున ఉంటాయి లెండి" అని మా నాన్న తేల్చేశాడు.

ఆవిడ ఊరుకునే రకం కాదు. కిరసనాయిలు డబ్బాలో తడిమట్టి నింపి, చేనుతోపాటే ఎండాలని అంచుదాకా నేలలో పాతింది. పొద్దున్నే పైకి తీసి, కొబ్బరి తూచే తక్కెడలో ఇటుక ముక్కలతో సమం చేసేది. సాయంత్రానికి డబ్బా తేలికపడేది. పైమట్టి పొడిగా రాలుతున్నా సరే, రోజూ తేలికపడేది. తగ్గిన ఆ బరువంతా ఎండకి ఆవిరైపోయిన నీళ్లే. దారినపోయేవాళ్లు "ఏటండీ, మట్టి అమ్మకానికా?" అని నవ్వేవారు. నేను మాత్రం ఆవిడ గెలుస్తుందనే అనుకున్నాను.

ఒకరోజు తాతయ్య ఎదుటే పొద్దునా సాయంత్రం తూచి చూపించింది. ఆయన నిదానంగా చూసి, "నిజమేనమ్మా, నీళ్లు పోతన్నాయి" అన్నాడు. పెద్దమ్మ ముఖం విప్పారింది. అప్పుడు మా నాన్న అందుకున్నాడు: "చూసేరా నాన్నగారూ, ఎంత పెట్టినా గాలికే పోతందండి. ఆ నేలకి తడులు దండగ కదండీ. అవీ మాకే ఇప్పించండి."

"ఆయ్, అదీ నిజమే" అన్నాడు తాతయ్య.

 పెద్దమ్మ డబ్బాలో మట్టి చేలో కుమ్మరించి వచ్చింది. ఆ వేసవిలోనే మొక్కలన్నీ మాడిపోయాయి. ఆవిడ నీళ్లు పారిన మా తోట మాత్రం ఏపుగా పెరిగింది. ఆ చెట్ల బొండాలు తాగే నేను పెద్దదాన్నయ్యాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎవరైనా "రుజువు చూపిస్తే ఎందుకు ఒప్పుకోరండీ" అంటే నాకు నవ్వొస్తుంది. పెద్దమ్మ రుజువుని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకునే, ఆవిడ నీళ్లు పట్టుకుపోయారు.