నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

మా బవూతీ పేటలో గేన్యా గొంతు ఎరగని గోడ లేదు. మూడో అంతస్తులో ఆమె "సూప్ మాడింది" అంటే కింద ట్రామ్ కోసం నిలబడ్డవాళ్ళు ముక్కు మూసుకునేవారు. అది పూర్తిగా ఆమె తప్పని కూడా అనలేం. పదిహేడో ఏట వూచ్ నగరంలోని పెద్ద నూలు మిల్లులో మగ్గాల ముందు నిలబడ్డ మనిషి, ఆ మిల్లు మూతపడేదాకా అక్కడే నిలబడింది. బయటికొచ్చేసరికి చెవులు సగం అక్కడే ఉండిపోయాయి.

మిల్లు లోపల మాత్రం ఎవరూ అరిచేవారు కారు. వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడే హాల్లో అరిచి లాభం ఏముంది? అక్కడి ఆడవాళ్ళు నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటనూ పెదవుల మీద పేర్చి, చప్పుడు లేకుండా మాట్లాడుకునేవారు. హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి పిల్లల జ్వరాలూ, మొగుళ్ళ తాగుళ్ళూ, హెరింగ్ చేప ఏ కొట్లో దొరుకుతోందో అన్నీ అలాగే నడిచేవి. మాట అందినవాళ్ళు ఒకసారి తల ఊపాలి. ఊపకపోతే అందలేదని మళ్ళీ చెప్పేవారు. తమకోసం కాని మాట కంటబడితే చూపు తిప్పుకోవాలి, అది మర్యాద.

గేన్యా ఏనాడూ చూపు తిప్పుకోలేదు. పైగా ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

రెండు వరసల అవతల యాద్విగా అనే ఆవిడ పనిచేసేది. తన్నే మొగుడి దగ్గర్నుంచి పారిపోవాలని, చెల్లెలింటికి వెళ్ళిపోవాలని ఆమె ఒక స్నేహితురాలికి పెదవులతో చెప్పుకుంది. గేన్యా చదివింది. ఆ సాయంత్రం రొట్టెల క్యూలో ఆ మొగుడు కనిపిస్తే, "నీ పెళ్ళాం మూట కట్టుకుంటోందటగా?" అని నవ్వుతూ అడిగింది. వాడు ఇంటికి పోయి యాద్విగా దవడ విరగ్గొట్టాడు. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత ఆమె పెదవులు ఏ మాట పలుకుతున్నాయో హాల్లో ఎవరికీ తెలిసేది కాదు. అంతమంది మాట్లాడుకునే చోట ఆవిడొక్కతే మూగదైపోయింది.

"నేను లేనిది చెప్పానా? ఉన్నమాటే కదా!" అనేది గేన్యా. అప్పటినుంచి ఆమె వరసల మధ్య నడిస్తే చాలు, ఆడవాళ్ళ చేతులు నోళ్ళకి అడ్డంపడేవి. ఆమె దాన్ని గౌరవం అనుకుంది.

ఆ భాష ఆమె తన కొడుక్కి కూడా నేర్పింది. దారెక్ చిన్నప్పుడు చర్చిలో ఫాదర్ పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడేవాడు. ప్రసంగం ఎంతకీ తెమలకపోతే అక్కడినుంచే తల్లివైపు చూసి, "ఆకలేస్తోందమ్మా" అనేవాడు చప్పుడు లేకుండా. బల్లమీంచి ఆమె, "ఇంకొంచెంసేపే నాన్నా, ఇంటికెళ్ళగానే పిరోగీలు వండిపెడతా" అనేది. వాడు తల ఊపేవాడు. ఆమె జన్మలో ఎవరితోనైనా మెత్తగా మాట్లాడిందంటే అది అక్కడే. కాస్త పెద్దయ్యాక వాడూ అందరిలాగే తల్లి ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నాడు.

ఇప్పుడు గేన్యాకి డెబ్భై దాటాయి. కిందటి చలికాలం కింది అంతస్తు ముసలాయన కాజ్యో పోయాడు. పోయిన సంగతి మెట్లమీద వాసన చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు. తలుపు పగలగొట్టినప్పుడు గేన్యా కూడా చూసింది. ఆ నెలలోనే ఆమె స్నానాలతొట్టిలో జారి, లేవలేక పొద్దున్నుంచి చీకటిపడేదాకా అందులోనే పడి ఉంది. తన గొంతు మొత్తం పేటకి వినబడుతుందన్న నమ్మకం ఆ రోజుతో తీరిపోయింది. ఆమె అరిచిన అరుపులకి పక్కవాళ్ళు టీవీ శబ్దం పెంచుకున్నారు.

అప్పుడు కొడుక్కి కబురు చేసింది. తన రెండు గదుల ఇల్లు వాడి పేర రాసిచ్చేస్తుంది. బదులుగా వాడు ఆమెని తనింటికి తీసుకెళ్ళి చచ్చేదాకా చూసుకోవాలి. మా దేశంలో ఇది మామూలు ఏర్పాటే, చట్టంలో ఉంది. ఆమెకి కావలసింది ఒక్కటే, తను పోయిన పూటే ఎవరో ఒకరు చూడాలి.

ఆ సంతకాల రోజు ఒప్పుకున్న వేళకన్నా ముందే ముగ్గురూ బయల్దేరారు. కోడలు బెయాతాకి హెడ్‌ఫోన్లు కొనాలి. క్రాకువ్ నుంచి వచ్చిన ఆ పిల్ల రోజూ రైల్లో వార్సా వెళ్ళి ఉద్యోగం చేసి వస్తుంది. రైలు రొద భరించలేకపోతోందట. కొట్టు ఆ నూలు మిల్లులోనే ఉంది. ఎర్ర ఇటుకల గోడలు అలాగే ఉంచి, లోపలంతా బజారు చేసేశారు.

"ఇదిగో, నా మగ్గాలు ఇక్కడే!" అంది గేన్యా ఫోన్ల బల్ల మీద అరచేత్తో చరిచి. కొట్లోవాళ్ళంతా తిరిగి చూశారు.

"అమ్మా, కాస్త మెల్లగా," అన్నాడు దారెక్.

గడ్డం పెంచిన అమ్మకందారు మూడు జతలు తెచ్చి పెట్టాడు. మూడూ చెవి మొత్తం కప్పేసేవే. "ఇది చెవుల్ని గట్టిగా పట్టుకుంటుంది మేడమ్, నిశ్శబ్దం బాగా ఇస్తుంది, కానీ గంట దాటితే తల నొప్పెడుతుంది. ఇది తేలిక, పొద్దంతా పెట్టుకున్నా బరువు తెలీదు, కాకపోతే శబ్దం కొంచెం లోపలికొస్తుంది. మూడోది మడిచి సంచీలో వేసుకోవచ్చు. ఒకసారి చార్జ్ చేస్తే వారం రోజుల రైలుప్రయాణానికి సరిపోతుంది, చెవుల మీద ఆనే దిండ్లు మెత్తన."

గేన్యా దిండ్లు నొక్కింది, పట్టీ లాగింది, కుట్టు దగ్గర గోటితో గీకింది. "ఇదేం గుడ్డరా? మా రోజుల్లో దీంతో నేల కూడా తుడిచేవాళ్ళం కాదు. నీ గడ్డం నయం, కాస్త దట్టంగా ఉంది."

అమ్మకందారు నవ్వాలో వద్దో తెలీక నవ్వాడు. బెయాతా నవ్వలేదు. "నాకొక్కటి చెప్పండి. రైలు రొద సరే. మనుషుల మాటలు ఆపుతుందా?"

"ఒకేలా సాగే రొదనైతే పూర్తిగా మింగేస్తుంది మేడమ్. రైలు, విమానం, ఫ్యాన్ లాంటివి. మాటలు మాత్రం పూర్తిగా ఆగవు. దగ్గర్లో ఎవరైనా పెద్ద గొంతుతో మాట్లాడితే సన్నగా వస్తుంది."

"ఎంత పెద్ద గొంతు?" అంది బెయాతా, అత్తగారి వైపు ఓరగా చూసి. "ఇంట్లో కూడా పెట్టుకోవాలి నేను. రోజూ."

దారెక్ కింద నేలని పరీక్షగా చూస్తున్నాడు.

"సరే, ఇప్పుడే తేల్చుకుందాం." బెయాతా మొదటి జత తలకి పెట్టుకుంది. "అమ్మా, మీరు ఏదైనా చెప్పండి."

గేన్యాకి చెప్పమని ఒకరు అడగాలా! తన మగ్గాల హాల్లో, తన మాట వినడానికి నిలబడ్డ కోడలి ముందు ఆమె యాద్విగా కథ ఎత్తుకుంది. రొట్టెల క్యూ, మొగుడు, మూట, దవడ, ఏదీ వదల్లేదు.

"వస్తోంది," అంది బెయాతా, ఆ జత తీసేసి. తేలిక జత పెట్టుకుంది. "ఆపకండమ్మా, చెప్పండి." గేన్యా సంతోషంగా దవడ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. "ఇందులో ఇంకా ఎక్కువ వస్తోంది." మూడోది పెట్టుకుని కళ్ళు మూసుకుంది. గేన్యా నోరు ఆడుతూనే ఉంది. బెయాతా ముఖం మెల్లగా తేటపడింది. "ఇది బాగుంది. దాదాపు లేనట్టే."

అమ్మకందారు సిగ్గుపడి పక్క బల్ల తుడవడానికి వెళ్ళిపోయాడు. పాపం, కొట్టు మొత్తానికి సిగ్గు మిగిలింది వాడొక్కడికే.

"ఇటు తే, అంత గొప్పేంటో నేనూ చూస్తా," అని గేన్యా కోడలి తలమీంచి దాన్ని లాక్కుని తన చెవులకి తగిలించుకుంది.

బజారు రొద చటుక్కున పోయింది. పాట పోయింది, పిల్లల కేకలు పోయాయి. హాలు నిండా మనుషులు, అందరి నోళ్ళూ కదులుతున్నాయి, ఒక్క చప్పుడూ లేదు. గేన్యా గుర్తుపట్టింది. ఇది ఆమె హాలు! వెళ్ళిపోయిందనుకున్న వయసంతా ఒక్క ఊపులో తిరిగొచ్చింది. కిటికీ దగ్గరి పడుచుపిల్ల ప్రియుణ్ణి తిడుతోంది. ఫోన్ల దగ్గరి లావాటాయన చీటీ పోయిందని గోలచేస్తున్నాడు. అన్నీ చదవగలుగుతోంది! ఆమె ముఖం పెళ్ళికూతురి ముఖంలా వెలిగిపోయింది.

అలా చదువుకుంటూ ఆమె చూపు కోడలి పెదవుల దగ్గరికొచ్చింది.

బెయాతా క్రాకువ్ పిల్ల. ఆ ఊరివాళ్ళకి మగ్గాలూ తెలియవు, మగ్గాల ఆడవాళ్ళూ తెలియరు. ముసలిదానికి వినబడడం లేదనుకుని, మొగుడితో తీరిగ్గా, స్పష్టంగా చెబుతోంది:

"ఈస్టర్ దాకానే. సంతకం అయ్యాక ఈస్టర్ వరకూ భరిస్తా. తర్వాత వృద్ధాశ్రమంలో దింపెయ్యాలి. నువ్వు మాటిచ్చావు."

గేన్యా కొడుకువైపు చూసింది. కాదంటాడు. వాడి నోరు ఇప్పుడు తెరుచుకుని కాదంటుంది. ఆమె కోరుకున్నది అంతే.

దారెక్ తల్లి కళ్ళలోకి చూశాడు. క్రాకువ్ పిల్లకి తెలియనిది మగ్గాల ఇంటి పిల్లాడికి తెలుసు. వాడి చెయ్యి మెల్లగా లేచి, మీసం దువ్వుకుంటున్నట్టు నోటికి అడ్డంపడింది. ఆ చేతి వెనక వాడేదో అన్నాడు. బెయాతా నుదుటి మీది ముడి విడిపోయింది.

గేన్యా హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. "మంచివే," అంది. "ఇవే తీసుకో."

నోటరీ ఆఫీసులో జలుబుచేసిన ఒక నడివయసు ఆవిడ పత్రం మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది. చదవాలి, అది రివాజు. గేన్యా చెవి వాల్చి విన్నది. "...ఇల్లు పుచ్చుకున్నవారు, ఇచ్చినవారిని తమ ఇంటి మనిషిగా చేర్చుకుని, తిండి, బట్ట, వసతి, వెలుతురు, పొయ్యిలోకి కట్టె సమకూర్చి, జబ్బుచేస్తే సేవచేసి, కాలం చేస్తే ఈ ప్రాంతపు ఆచారం ప్రకారం సాగనంపుతారు." ఆవిడ తుమ్మి, కలం జరిపింది.

గేన్యా కలం ముట్టుకోలేదు.

"దారెక్. ఆ 'ఇంటి మనిషి' అన్న మాట నువ్వొకసారి చెప్పు. నావైపు తిరిగి."

"ఇప్పుడావిడ చదివింది కదమ్మా."

"ఆవిడింటికి పోవట్లేదురా నేను. నువ్వు చెప్పు. చెయ్యి తీసి చెప్పు."

దారెక్ చెయ్యి మీసం దగ్గరే ఉంది. "గొడవెందుకమ్మా, సంతకం పెట్టేయ్," అన్నాడు దాని వెనకనుంచే.

అప్పుడు గేన్యా నోరు విప్పింది. మిల్లు మూతపడ్డాక అంత గొంతు ఆమె కూడా ఎప్పుడూ తీసి ఉండదు. ఈస్టర్, ఆశ్రమం, ఇచ్చిన మాట, అన్నీ అంది. కోడల్ని అనాల్సినవీ అంది, అనకూడనివీ అంది. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. నోటరీ ఆవిడ రుమాలు ముక్కుకి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. బెయాతా తొట్రుపడలేదు. సంచీలోంచి కొత్త హెడ్‌ఫోన్లు తీసి తలకి పెట్టుకుని, బొత్తాం నొక్కి, గోడమీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంది. పదహారణాలా పనిచేశాయి.

సంతకం జరగలేదు. ఇంటికి ముగ్గురూ ఒకే ట్రామ్ ఎక్కవలసి వచ్చింది. గేన్యాకి ముందువైపు ముసలివాళ్ళ సీటు దొరికింది. అరిచిన అలుపు ఇంకా తీరలేదు. తప్పుచేశానా అనుకుంటోంది. ఈస్టర్ దాకా అంటే ఒక చలికాలం. ఆశ్రమమైనా నయమేమో, పొద్దున్నే మనుషుల్ని లెక్కపెట్టేవాళ్ళుంటారు. రేపు ఫోన్ చేసి తగ్గి మాట్లాడితే వాడు రాకపోతాడా, కన్నకొడుకు కదా!

తల తిప్పి వెనక్కి చూసింది. జనం అవతల, వెనక తలుపు దగ్గర బెయాతా చెవులు కప్పుకుని కిటికీలోంచి చూస్తోంది. పక్కన దారెక్. వాడు తల్లినే చూస్తున్నాడు. చెయ్యి నోటిమీద లేదు, పైకడ్డీ పట్టుకుని ఉంది.

వాడు నోరు తెరిచాడు. పెద్దగా, నిదానంగా, ఒక్కో మాటనూ పెదవుల మీద పేర్చి, చప్పుడు లేకుండా. చర్చిలో ఆకలేస్తోందని చెప్పినప్పటంత శుభ్రంగా. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఒక్క అక్షరం మరిచిపోలేదు. ఆమె నేర్పిన చదువు అది.

"అయితే ఆ ఇంట్లోనే చావు. కాజ్యోలాగా."

ఆమె కదల్లేదు. అందలేదనుకుని వాడు మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి ఇంకాస్త నిదానంగా.

గేన్యా తల ఊపింది. ఒక్కసారి, మాట అందిందన్నట్టు.