క్యాప్ వచ్చిందన్నారు

ఆ రోజు ఒంగోలులో రూట్ కెనాల్ చేయించుకుని బస్సెక్కాను. చెంపకు రుమాలు ఆనించుకుని కూర్చుంటే, పక్కసీట్లో ఉన్న యాభై దాటిన రైతు, "పంటి నొప్పాండీ?" అని అడిగాడు. తలూపి, రూట్ కెనాల్ అయిందని చెప్పాను.

"క్యాప్ ఆలస్యం చేయకండమ్మా. మా ఆవిడ పన్ను సగం విరిగిపోయాక గానీ చూపించుకోలేదు. లోపల పిన్ను పెట్టి నిలబెట్టారు. కొలతలు తీసుకుని, వారంలో క్యాప్ వస్తుందన్నారు."

"వేయించుకున్నారా?"

"నాలుగో రోజు మిరప కోతలో పడిపోయిందండి. వడదెబ్బ. ఆస్పత్రికి చేరేలోపే పోయింది."

రుమాలు చెంప మీంచి దించి ఆయన వైపు తిరిగాను. ఆయనే చెప్పాడు. పెద్దకర్మ కూడా అయిపోయాక, ముందురోజు పళ్ల డాక్టరు దగ్గర్నుంచి ఫోన్ వచ్చిందట. ఆలస్యమైనా క్యాప్ వచ్చింది, ఆవిడను తీసుకురమ్మన్నారట. ఆవిడ లేదని చెప్పడానికి నోరు రాక, వస్తామన్నాడట. పొద్దున ఒక్కడే వెళ్లాడు.

జేబులోంచి చిన్న డబ్బీ తీసి మూత తెరిచాడు. లోపల దూది మీద దవడపన్ను ఆకారంలో తెల్లటి క్యాప్ ఉంది.

"ఇది ఇంకెవరికీ పట్టదంటండి. క్యాప్ వేశాక వేయించిన శనక్కాయలు తింటానంది." కాసేపు దాన్నే చూశాడు. "చీరలూ అవీ ఎవరికివ్వాల్సినవి వాళ్లకిచ్చేశాం. దీన్నేం చేయమంటారు?"

"మీ దగ్గరే ఉంచుకోండన్నయ్యా," అన్నాను. 

సింగరాయకొండలో దిగేవాళ్లు తోసుకుంటున్నారు. ఆయన జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, అందరూ దిగేదాకా ఆగి, మెల్లగా దిగాడు.