జడ్జిగారి తెల్ల తొడుగులు

ఏడాదికి రెండుసార్లు కేసులు విచారించడానికి మా ఎల్డర్‌బీకి వచ్చే జడ్జి ఆంబ్రోస్ థర్కెల్‌గారికి వంట చేసేదాన్ని నేనే. ఆయన తీర్పులను దేశమంతటా లాయర్లు పాఠాల్లా చదివేవారట. అదంతా నాకెందుకు? నాకు అంతుపట్టనిది ఒక్కటే. బండి దిగగానే, "జైల్లో ఎవరైనా ఉన్నారా, కెజాయా?" అని ఆశగా అడిగేవారు. ఉన్నారంటే మొహం మాడ్చుకునేవారు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "ఖైదీలు లేకపోతే మీకిక్కడ పనేముంది, దొరగారూ?"

"మా అమ్మ వూస్టర్‌లో చేతితొడుగులు కుట్టి నన్ను చదివించింది. విచారించడానికి ఒక్క ఖైదీ కూడా లేకపోతే ఊరివాళ్ళు జడ్జికి తెల్ల తొడుగులు ఇస్తారు కదా! నేను జడ్జినైన రోజు నుంచీ ఆవిడది ఒకటే నస. 'నీకెప్పుడిస్తార్రా? నువ్వు తొడుక్కుంటే చూడాలిరా!'"

ఆవిడ పోయాక ఆయన ఆ ప్రశ్న అడగడం మానేశారు.

చాలా ఏళ్ళకు, ఆయన పదవి వదిలే ఏడాది, మా జైలు ఖాళీ అయింది. ఊళ్ళో చర్చి గంటలు మోగించారు. షెరీఫ్ వెండి పళ్ళెంలో తెల్ల తొడుగులు తెచ్చి, "మా ఊరు ఎంత మంచిదో చూశారా, దొరగారూ!" అని ఛాతీ విరుచుకున్నాడు.

జడ్జిగారు ఒక తొడుగును లోపలివైపు తిరగేసి, కుట్టు వెంట మెల్లగా వేలితో నిమిరారు. ఏమంటారోనని నేను గరిటె పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాను.

"మా అమ్మ బతికుండగా ఒక్కసారైనా," అని ఆయన షెరీఫ్ మీద విరుచుకుపడ్డారు, "బుద్ధిగా ఉండి చచ్చారా మీరు?"